రెండు పొట్టల గుర్రం

రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ వంటగదిలో
పిడకల పొయ్యి ఇంకా ఎర్రగానే ఉంటుంది.
మాంసం చారు వాసన బెంచీల్ని వదలదు.
అక్కడ ఏడుగురు పిల్లలకి
మా పాత లిపి నేర్పుతాను.

పగలు బడిలో వేరే అక్షరాలు,
ఎడమ నుంచి కుడికి నడుస్తాయి.
ఇవి పైనుంచి కిందికి దిగుతాయి
జీను మీంచి మనిషి దిగినట్టు.

నేను సెవ్‌జిద్‌ని. ఉద్యోగం లెక్కల గుమాస్తా.
ఈ లిపి నాకు నలభయ్యో ఏట వచ్చింది.
మా అమ్మమ్మకి ముందే వచ్చు.
పీట మీద పిండి పరిచి వేలితో రాసేది,
గుమ్మం దగ్గర అలికిడైతే
నీళ్ళు పోసి ముద్ద చేసేసేది.
ఎన్ని మాటలు తిన్నానో తెలియదు.

మొదటివారం అందరిలాగే కాపీ పుస్తకాలు ఇచ్చాను.
వేళ్ళు బిగుసుకుపోయాయి,
పెన్సిల్ మొనలు పుటుక్కుమన్నాయి.
ఒచిర్ పుస్తకం మూసి దాని మీద కూర్చున్నాడు.
"నా చేతికి రాయడం రాదు. గుర్రాలే వచ్చు."
ఆరేళ్ళు. ఇల్లు ఎనభై కిలోమీటర్ల అవతల,
అదీ మంద ఇంకా అక్కడే ఉంటే.

సరే, రాయొద్దు.
వెన్ను గియ్యి చాలు, పైనుంచి కిందికి,
మధ్యలో ఊపిరి తీసుకోకు.
గీశాడు.
దానికో పన్ను. పెట్టాడు.
పన్నుకో జడ. నవ్వాడు, వేశాడు.
పొట్ట. పొట్ట కింద పిక్క.
ఆఖర్న విల్లు, తాడు తెగి వంగినట్టు.

ఈ పేర్లు నేను కల్పించినవి కావు.
తలకట్టు, పన్ను, వెన్ను, పొట్ట, తోక:
పిల్లల చేయి పట్టుకుని దిద్దించినవాళ్ళెవరో
అక్షరానికి ఒళ్ళుందని గ్రహించి పెట్టుంటారు.

చదువు, అన్నాను.
పెదవులు కూడబలుక్కున్నాయి. మో. రి.
గుర్రం.
గీత ఎక్కడ ఆగిందో రాత ఎక్కడ మొదలైందో
వాడు వెతకలేదు, నేనూ చూపించలేదు.

ఆ రోజు నుంచి రంగు పెన్సిళ్ళూ అదే డబ్బాలో.
ఉండ్రమ్ ఒంటె అని రాసి
మాటకి మూపురాలు తగిలించింది.
ఇంకొకడు గాలి అని రాస్తే
అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగాయి.
వార్డెన్ తొంగిచూసి గొణిగింది:
బొమ్మలకో కాగితం, రాతకో కాగితం వాడరాదూ?
చెయ్యి ఒకటేగా, అన్నాను.
కాగితాల లెక్క రాసేది నేనే, కాబట్టి ఊరుకుంది.

మార్చిలో ఒక రాత్రి
ఒచిర్ గుర్రంలో రెండు పొట్టలున్నాయి,
పెద్ద సున్నాలో చిన్న సున్నా.
నా ఎర్ర పెన్సిల్ కాగితం దాకా వచ్చి ఆగింది.
"ఇదేమిట్రా?"
"మా ఎర్ర గుర్రం. చూడితో ఉంది."
తప్పు అనాలి. అది నా పని.
పొయ్యిలో ఇంకో పిడక వేసి వచ్చాను.

వసంతం సెలవులకి నాన్న మోటార్‌సైకిల్ మీద వెళ్ళాడు.
ఆ పది రోజులూ దుమ్మూ మంచూ కలిసి కొట్టాయి.
ఎవరి మందలో ఎన్ని పోయాయో
ఆఫీసులో అంకెలు వేసింది కూడా ఈ చేతే.

తిరిగొచ్చి ఎప్పటి చోటే కూర్చున్నాడు.
గుర్రం అని రాశాడు. ఒకే పొట్ట.
జడ ఎక్కడుండాలో అక్కడ, విల్లు ఎంత వంగాలో అంత.
మొదటిసారి ఎక్కడా దిద్దక్కర్లేని మాట.
నాకు గొంతు పెగల్లేదు.
నేర్చుకున్నాడా? పోగొట్టుకున్నాడా?

వాడింకా తల ఎత్తలేదు.
పెద్ద మాట పక్కన, దాదాపు దాని కిందే,
గోరంత మాట ఇంకోటి దిగుతోంది.
వెన్ను వంకర. పిక్క నిలవడం లేదు.
విల్లు బల్ల మీదికి జారిపోయింది.

"మరీ వణుకుతోందే," అన్నాను
గొంతు సవరించుకుని.

"పుట్టి గంటే అయింది టీచర్," అన్నాడు,
"కాసేపు ముట్టుకోకండి.
అదే నిలబడుతుంది."